పికప్‌లో రాడార్ డిటెక్టర్‌కి పర్మనెంట్ వైరింగ్ చేసుకోవడం ఎలా

పోలీసుల స్పీడ్ రాడార్‌ని ముందే పసిగట్టి హెచ్చరించే రాడార్ డిటెక్టర్ కొన్నవాళ్ళు మొదట్లో దాన్ని సిగరెట్ లైటర్ సాకెట్‌లోనే పెట్టుకుంటారు. అందులో తప్పేం లేదు, కొన్నాళ్ళు అలా వాడి చూస్తేనే అది మనకి పనికొచ్చే వస్తువో కాదో తెలుస్తుంది. కానీ ఆ చుట్టలు చుట్టలుగా ఉండే వైరు అద్దం మీంచి డాష్‌బోర్డు మీదకి వేలాడుతూ, గేర్ మార్చినప్పుడల్లా చేతికి తగులుతూ, ఫోన్ ఛార్జర్‌కి చోటు లేకుండా చేస్తూ ఉంటే ఎంతకాలమని భరిస్తాం? పికప్‌లో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ, క్యాబ్ పెద్దది కాబట్టి సాకెట్ నుంచి అద్దం దాకా దూరం ఎక్కువ, పైగా కొన్ని ట్రక్కుల్లో కీ తీసేసినా సాకెట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది.

వైరింగ్ మనమే చేసుకోవచ్చు, సామాన్లన్నీ దగ్గరుంటే ఒక పూట పని. అయితే వైరు లాగడం, దాచడం ఇందులో సులువైన భాగం. ఏ ఫ్యూజు నుంచి కరెంటు తీసుకోవాలి, ట్రక్కు ఆపేశాక ఆ కరెంటు నిజంగా ఆగుతోందా, ఎయిర్‌బ్యాగుకి అడ్డం రాకుండా వైరు ఎటు నుంచి పోవాలి, ఈ మూడూ తేల్చుకోవడమే అసలు పని. చాలామంది ఈ మూడింటినీ పక్కనపెట్టి ముందు ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ తొడుగులు) పీకేస్తారు, తర్వాత బ్యాటరీ దిగిపోయిందనో ఏదో లైటు వెలుగుతోందనో టెన్షన్ పడతారు. మల్టీమీటర్‌తో కొలవకుండా ఒక్క వైరు కూడా కత్తిరించకండి. ఇందులో రాసిన మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

ముందు చట్టం

అమెరికాలో సొంత వాడకానికి నడిపే బండిలో రాడార్ డిటెక్టర్ పెట్టుకోవడం దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ నేరం కాదు. వర్జీనియాలో, వాషింగ్టన్ డీసీలో మాత్రం నిషేధం, మిలటరీ బేస్‌ల లోపల కూడా కుదరదు. కెనడా వైపు వెళ్ళేవాళ్ళయితే బ్రిటిష్ కొలంబియా, అల్బర్టా, సస్కాచవాన్ తప్ప మిగతా ప్రావిన్సుల్లో వాడకూడదని గుర్తుంచుకోండి.

పికప్ వాళ్ళకి ప్రత్యేకంగా వర్తించేది ఇంకొకటుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కమర్షియల్ వాహనాల్లో రాడార్ డిటెక్టర్ వాడటమే కాదు, అసలు ఉంచుకోవడాన్నే ఫెడరల్ నిబంధన ఒప్పుకోదు. కమర్షియల్ అంటే పద్దెనిమిది చక్రాల లారీ ఒక్కటే అనుకోవద్దు. వ్యాపారం పని మీద రాష్ట్రాలు దాటి తిరిగే బండి రేటింగ్, అంటే బండీ సరుకూ కలిపి ఎంతదాకా ఉండొచ్చని కంపెనీ చెప్పిన బరువు, 10,001 పౌండ్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అది ఈ లెక్కలోకి వచ్చేస్తుంది, ట్రైలర్ తగిలిస్తే రెండూ కలిపి చూస్తారు. అంటే ఫోర్డ్ ఎఫ్-150కి పెద్ద ట్రైలర్ కట్టి పనికి తిప్పేవాళ్ళు కూడా దీని కిందకి రావచ్చు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద మీ ట్రక్కు రేటింగ్ రాసి ఉంటుంది, చూసుకోండి. ఇంకా విండ్‌షీల్డ్‌కి ఏది అంటించొచ్చు, ఎక్కడ అంటించకూడదు అనేదానికి రాష్ట్రానికో నియమం ఉంది, మీ రాష్ట్రం సంగతి ఒకసారి చదువుకోండి.

ఇదంతా వైరింగ్ వ్యాసంలో ఎందుకంటే, వైరింగ్ ఎంత పర్మనెంట్‌గా చేసినా డిటెక్టర్ మాత్రం ఒక్క ప్లగ్‌తో ఊడి వచ్చేలా ఉండాలి. వర్జీనియా సరిహద్దు దాటే ముందు ప్లగ్ పీకి, డిటెక్టర్ చేతికి అందని చోట పెట్టేయగలగాలి. ఎండలో పార్క్ చేసినప్పుడూ అంతే. అద్దం దగ్గర వేడికి డిటెక్టర్ పాడవుతుంది, బయటికి కనిపిస్తే దొంగ చెయ్యి కూడా ఊరుకోదు.

ఏమేం కావాలి

మొదట డిటెక్టర్‌తో వచ్చిన కార్డు, అంటే కరెంటు వైరు, చూడండి. వాలంటైన్ వన్, ఎస్కార్ట్ లాంటివాటికి పాత టెలిఫోన్ వైరు చివర ఉండే క్లిప్పు లాంటి ప్లగ్ ఉంటుంది, దాన్ని ఆర్‌జె11 అంటారు, అవి బండి 12 వోల్టుల కరెంటు నేరుగా తీసుకుంటాయి. డాష్‌క్యామ్‌ల్లాగా 5 వోల్టులకి తగ్గించే పెట్టె అక్కర్లేదు. అయినా ప్రతి మోడల్ అలాగే ఉంటుందని గ్యారంటీ లేదు కాబట్టి కార్డు మీద రాసిన అవుట్‌పుట్ వోల్టేజి చదివాకే ముందుకెళ్ళండి. ఇంకో చిక్కు, ప్లగ్ చూడటానికి ఒకేలా ఉన్నా ప్లస్సూ మైనస్సూ ఉండే పిన్నులు కంపెనీని బట్టి తారుమారవుతాయి. ఒక కంపెనీ కార్డు ఇంకో కంపెనీ డిటెక్టర్‌కి పెట్టకండి. అదే కంపెనీ హార్డ్‌వైర్ కిట్ (సాకెట్ లేకుండా బండి వైరింగ్‌కి నేరుగా కలుపుకునేది) కొనుక్కోవడం మంచిది, చాలా కిట్లలో చిన్న మ్యూట్ బటన్ కూడా వస్తుంది, చెయ్యి అద్దం దాకా చాపకుండా మోత ఆపుకోవచ్చు.

మిగతావి: మల్టీమీటర్, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ (స్క్రూడ్రైవర్‌తో పీకితే గీతలు ఖాయం), 18 గేజ్ వైరు కొంచెం, రింగ్ టెర్మినల్, మంచి క్రింపింగ్ ప్లయర్, హీట్ ష్రింక్ ఉన్న కనెక్టర్లు, జిప్ టైలు, గుడ్డ టేపు, 7 ఎంఎం, 10 ఎంఎం సాకెట్లు, టార్క్స్ బిట్లు. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు వద్దు, వేసవిలో క్యాబ్ వేడికి జిగురు కారి వదిలేస్తుంది, తర్వాత వైరు ట్రిమ్ వెనకాల టకటకమంటూ కొట్టుకుంటుంది.

ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు స్లాట్‌లో గుచ్చి ఇంకో వైరుకి కరెంటు తీసుకునే ముక్క) మాత్రం అప్పుడే కొనకండి. ఫ్యూజుల్లో మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో2, మైక్రో3 అని చాలా రకాలున్నాయి, ఒకే ఫ్యూజు బాక్సులో రెండు మూడు రకాలు ఉండటం మామూలే. మీరు ఏ స్లాట్ వాడబోతున్నారో తేలాక ఆ ఫ్యూజు పీకి, పక్కన పెట్టి పోల్చుకుని, అదే రకం ట్యాప్ కొనండి. మూడు కాళ్ళున్న మైక్రో3 తగిలితే దాని జోలికి పోకుండా ఇంకో స్లాట్ వెతుక్కోండి, అందులో ఒక్క ఫ్యూజులోనే రెండు సర్క్యూట్లు ఉంటాయి.

కరెంటు ఎక్కడి నుంచి

దారులు మూడు: ఫ్యూజు బాక్సు, వెనక రోడ్డు చూసుకునే లోపలి అద్దం (మిర్రర్) వెనకాల ఉండే వైర్లు, కొన్ని హెవీ డ్యూటీ ట్రక్కుల్లో కంపెనీవాళ్ళే ఇచ్చే అప్‌ఫిట్టర్ స్విచ్చులు, అంటే మనం తర్వాత తగిలించుకునే సామాన్ల కోసం ముందే పెట్టినవి. మూడోది ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, ఫోర్డ్ సూపర్ డ్యూటీలో ఈ ఆప్షన్ తీసుకుంటే స్విచ్చులు, వాటి ఫ్యూజులు, చివరలు మూసి పెట్టిన వైర్లు అన్నీ ముందే ఉంటాయి. ఏ వైరు ఏ స్విచ్చుదో కంపెనీ బాడీ బిల్డర్ గైడ్‌లో (ట్రక్కు మీద బాడీ కట్టేవాళ్ళ కోసం ఇచ్చే పుస్తకం) చూసుకోవచ్చు. అప్పుడు ఒక స్విచ్ డిటెక్టర్‌కి కేటాయించి, ఆ వైరు మీద చిన్న ఇన్‌లైన్ ఫ్యూజు వేసేస్తే సరిపోతుంది.

అద్దం దానంతటదే నల్లబడే రకం అయితే, అంటే వెనక లైట్లు కళ్ళలో పడకుండా మసకబారేదయితే, దానికి కరెంటు వస్తున్నట్టే. నన్నడిగితే పికప్‌లో అన్నిటికన్నా మంచి దారి ఇదే. డిటెక్టర్ పక్కనే కరెంటు, పొడుగు వైరు అక్కర్లేదు, విండ్‌షీల్డ్ పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న పిల్లర్ ట్రిమ్ విప్పనే అక్కర్లేదు. కాకపోతే ఆ కనెక్టర్‌లో నాలుగైదు వైర్లు ఉంటాయి, అందులో ఏది ఏదో వీడియోలో చెప్పిన రంగు చూసి నమ్మకండి, ఒకే మోడల్‌లో కూడా ఆప్షన్లని బట్టి రంగులు మారతాయి. మీటర్ సన్నటి ముల్లుని కనెక్టర్ వెనక వైపు నుంచి లోపలికి తోసి ఒక్కొక్క వైరూ చూడండి. కీ ఆన్ చేస్తే 12, ఆఫ్ చేస్తే కాసేపటికి సున్నా, అది మీకు కావలసిన వైరు. ఎప్పుడూ 12 చూపిస్తుంటే అది గరాజ్ తలుపు బటన్ల కోసం వచ్చే కరెంటు అయి ఉండొచ్చు, వద్దు. రివర్స్ గేర్ వేసినప్పుడు మాత్రమే 12 వచ్చే వైరు ఒకటుంటుంది, అద్దం రివర్స్‌లో మసకబారకుండా ఆపడానికి, అదీ వద్దు. దాన్ని పట్టడానికి ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, కీ ఆన్‌లో ఉంచి, బ్రేక్ తొక్కి రివర్స్‌లో పెట్టి చూడండి. వోల్టేజి ఒక అంకె మీద నిలబడకుండా ఊగుతోందంటే అది డేటా వైరు, దాన్ని మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. గ్రౌండ్ వైరు కూడా ఆ కనెక్టర్‌లోనే దొరుకుతుంది. డిటెక్టర్ తీసుకునే కరెంటు మామూలుగా ఒక ఆంపియర్ లోపే కాబట్టి అద్దం సర్క్యూట్ మోయగలదు. కానీ మీ వైరు మొదట్లోనే, తీసుకున్న చోటికి దగ్గరగా, 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా పెట్టండి. అక్కడ డిటెక్టర్ తప్ప ఇంకేమీ కలపకండి.

అద్దానికి వైర్లు లేకపోతే ఫ్యూజు బాక్సే గతి. ఎఫ్-150లో 2015 నుంచి 2020 దాకా మోడల్స్‌కి లోపలి ఫ్యూజు బాక్సు ప్యాసింజర్ కాళ్ళ దగ్గర, కుడి పక్క ప్యానెల్ వెనకాల ఉంటుంది. 2014 నుంచి 2018 దాకా షెవర్లే సిల్వరాడో 1500లో డాష్‌బోర్డు రెండు చివర్లా, తలుపు తెరిస్తే కనిపించే మూతల వెనక ఉంటాయి, ఇంతకన్నా సులువు ఇంకేదీ లేదు. ఆ కాలం రామ్ ట్రక్కుల్లో మాత్రం ఫ్యూజులు హుడ్ కింద ఉంటాయి, అక్కడి నుంచి వైరు తేవాలంటే ఇంజిన్‌కీ క్యాబ్‌కీ మధ్య గోడలోంచి దూర్చాలి. అలాంటి ట్రక్కులో అద్దం దారి కుదురుతుందేమో గట్టిగా ప్రయత్నించాకే దీనికి దిగండి.

ఓనర్స్ మాన్యువల్‌లో ఫ్యూజుల పట్టిక తీసి, ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్, ఫ్యూయల్ పంప్, స్టీరింగ్ అని రాసినవన్నీ ముందే కొట్టేయండి. రేపు మన వైరు ఎక్కడో నలిగి షార్ట్ అయితే దాని దెబ్బ వాటి మీద పడకూడదు. మిగిలినవాటిలో సీటు హీటర్, సన్‌రూఫ్, రేడియో, వెనక జరిగే అద్దం మోటార్, ఇలాంటివి ఆగిపోయినా బండి నడపడానికి అడ్డం కానివి ఎంచుకోండి.

ఆ కరెంటు నిజంగా ఆగుతోందా

ఫ్యూజు తల మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి, ఫ్యూజు పీకకుండానే అక్కడ మీటర్ పెట్టి చూడొచ్చు. డీసీ 20 వోల్టుల స్కేల్ మీద పెట్టి, నల్ల ముల్లు గట్టి ఇనుప బోల్టుకి, ఎర్ర ముల్లు ఆ చుక్క మీద ఆనించండి. కీ ఆఫ్‌లో సున్నా, ఆన్‌లో 12 పైచిలుకు, ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.7 మధ్య రావాలి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఇప్పటి ట్రక్కుల్లో కీ ఆఫ్ చేసిన వెంటనే అన్నీ ఆగిపోవు. తలుపు తెరిచేదాకా, లేదా ఓ పది నిమిషాల దాకా రేడియోకీ కిటికీలకీ కరెంటు ఇస్తూనే ఉంటాయి, లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి ఇంకాస్త సమయం పడుతుంది. కీ తీసి వెంటనే చూస్తే ఎప్పుడూ కరెంటు ఉండే స్లాటూ, కాసేపటికి ఆగే స్లాటూ రెండూ ఒకేలా కనిపిస్తాయి. సరిగ్గా తేల్చుకోవాలంటే తలుపు మూసి, లాక్ చేసి, అరగంట ఆగి చూడాలి. మరి తలుపు మూసేస్తే మీటర్ ఎలా పెడతాం? తలుపు తెరిచి ఉంచి, తలుపు అంచున ఉండే లాచ్ నోటిని స్క్రూడ్రైవర్‌తో టక్కుమని మూసేయండి, తలుపు పడిందనుకుని ట్రక్కు లోపలి లైట్లు ఆర్పేస్తుంది. రిమోట్‌తో లాక్ చేసి, రిమోట్‌ని దూరంగా ఇంట్లో పెట్టేసి రండి. అరగంట తర్వాత కొలిస్తే సున్నా రావాలి. పనయ్యాక అన్‌లాక్ చేసి, హ్యాండిల్ లాగి లాచ్ మళ్ళీ తెరిచిన తర్వాతే తలుపు వేయాలి. అలా తెరవకుండా వేస్తే లాచ్ కొట్టుకుని దెబ్బతింటుంది.

ఇంత పట్టుబట్టడానికి లెక్క చూడండి. డిటెక్టర్ 300 మిల్లీ ఆంపియర్లు తాగుతోందనుకుందాం. రోజుకి 7.2 ఆంపియర్ అవర్లు, వారానికి 50. ట్రక్కు బ్యాటరీ 70 ఆంపియర్ అవర్లది అనుకున్నా, వారం రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి బండి స్టార్ట్ అవ్వదు. చలికాలం అయితే అంతకన్నా ముందే.

ఫ్యూజ్ ట్యాప్‌ని ఏ వైపు తిప్పి పెట్టాలి

ఫ్యూజ్ ట్యాప్‌లో రెండు ఫ్యూజులు పడతాయి. కాళ్ళకి దగ్గరగా ఉన్న గదిలో ట్రక్కు పాత ఫ్యూజు, అదే ఆంపియర్లది. పై గదిలో మనది, 2 ఆంపియర్లది బూడిద రంగు, 3 ఆంపియర్లది ఊదా రంగు, ఏదైనా ఫర్వాలేదు. మైక్రో2లో అంత చిన్నది దొరక్కపోతే 5 పెట్టుకోండి. ఫ్యూజు ఉన్నది డిటెక్టర్‌ని కాపాడటానికి కాదు, వైరు కాలకుండా ఆపడానికి, కాబట్టి ఎక్కువ పెడితే మంచిదన్న ఆలోచన వద్దు.

ట్యాప్‌ని ఎటు తిప్పి గుచ్చినా డిటెక్టర్ వెలుగుతుంది, అందుకే దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ తిరగేసి పెడితే మన కరెంటు కూడా ట్రక్కు పాత ఫ్యూజులోంచే పోతుంది, రెండింటి బరువూ దాని మీదే పడుతుంది. సరిగ్గా పెడితే దేని ఫ్యూజు దానిదే. చూసే పద్ధతి ఇది: పాత ఫ్యూజు పీకేసి కీ ఆన్ చేయండి. ఖాళీ స్లాట్‌లో రెండు సందులుంటాయి, మీటర్ పెడితే ఒకదాంట్లోనే 12 వస్తుంది, అది కరెంటు వచ్చే వైపు, దాని పక్కన మార్కర్‌తో చుక్క పెట్టండి. ఇప్పుడు ట్యాప్‌ని చేతిలోకి తీసుకుని, పాత ఫ్యూజు గది ఖాళీగా ఉంచి, పై గదిలో మన ఫ్యూజు పెట్టి, మీటర్‌ని బీప్ మోడ్‌లోకి మార్చి, ఒక ముల్లు ట్యాప్ వైరు చివర, రెండోది ఒక్కో కాలికీ ఆనించండి. ఏ కాలికి బీప్ వచ్చిందో ఆ కాలు చుక్క పెట్టిన సందులోకి వెళ్ళాలి. గుచ్చాక ఫ్యూజు బాక్సు మూత పడుతుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

బ్యాటరీ విప్పడం, పిల్లర్ దగ్గర జాగ్రత్త

కొలతలన్నీ అయ్యాక, కీ ఆఫ్ చేసి బ్యాటరీ నెగటివ్ విప్పేయండి. డీజిల్ పికప్పుల్లో చాలావాటికి రెండు బ్యాటరీలుంటాయి, రెండింటినీ జోడించి కట్టి ఉంటాయి కాబట్టి రెండింటి నెగటివ్‌లూ విప్పాలి, ఒకటి విప్పి ఊరుకుంటే రెండోది కరెంటు ఇస్తూనే ఉంటుంది. విప్పిన వెంటనే పిల్లర్ మీద చెయ్యి వేయకండి. ఎయిర్‌బ్యాగు సిస్టమ్‌లో కాసేపు కరెంటు నిల్వ ఉంటుంది, ఎంతసేపు ఆగాలో మాన్యువల్‌లో ఉంటుంది, అంతసేపూ ఆగండి. పసుపు రంగు కనెక్టర్, పసుపు తొడుగు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగుదే, దాన్ని విప్పొద్దు, గుచ్చొద్దు, బల్బు ఉండే పాతకాలం టెస్టర్ దాని దరిదాపుల్లోకి తేవద్దు.

ఫ్యూజు బాక్సు నుంచి వచ్చే వైరు విండ్‌షీల్డ్ పక్కన నిలువుగా ఉండే పిల్లర్ (దాన్ని A-పిల్లర్ అంటారు) గుండా పైకెళ్ళి, పైకప్పు గుడ్డకీ విండ్‌షీల్డ్‌కీ మధ్య సందులోంచి మధ్యకి రావాలి. పికప్‌లో ఈ పిల్లర్‌కి పైకెక్కడానికి పట్టుకునే హ్యాండిల్ ఉంటుంది, దాని చివర్లలో చిన్న ప్లాస్టిక్ మూతలు లేపితే బోల్టులు కనిపిస్తాయి, అవి విప్పితేనే ట్రిమ్ వస్తుంది. ట్రిమ్‌ని పై నుంచి మెల్లగా లాగండి. కాస్త వచ్చి ఆగిపోతే బలం చూపించకండి, లోపల క్లిప్పుకి ఒక పట్టీ ఉండొచ్చు. ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు ట్రిమ్ ఎగిరి మొహానికి కొట్టకుండా ఉండటానికే ఆ పట్టీ. కొన్ని ట్రక్కుల్లో ఆ క్లిప్పులు ఒకసారి తీస్తే కొత్తవి వేయాలి. మాన్యువల్‌లో అలా ఉంటే కొత్తవి తెప్పించుకున్నాకే మొదలుపెట్టండి.

ట్రిమ్ వచ్చాక లోపల పొడుగ్గా మడిచి పెట్టిన సంచీ లాంటిది పైకప్పు అంచు వెంట పోతూ కనిపిస్తుంది, అదే పక్క ఎయిర్‌బ్యాగు. మన వైరు దాని వెనకాల నుంచి పోవాలి, అంటే సంచీకీ బండి రేకుకీ మధ్య, కంపెనీ వైర్లు ఎటు పోతున్నాయో అటే. దాని ముందు నుంచి అడ్డంగా వేయకూడదు, దానికి చుట్టకూడదు, దానికి జిప్ టై కట్టకూడదు. కంపెనీ వైర్ల కట్టకే మన వైరు కలిపి, జానెడు దూరానికొకటి చొప్పున టై వేసుకుంటూ వెళ్ళండి. సన్నటి వైరు ఎదురొచ్చి ఎయిర్‌బ్యాగు సగం తెరుచుకోవడమో, అది వైరుని విసిరి మన మీదకి కొట్టడమో జరిగితే ఆ నష్టం ముందు డిటెక్టర్ ఎంత? వెనక నుంచి దారి కనపడకపోతే అక్కడితో ఆగి, అద్దం దారి పట్టండి, లేదా ఆ ఒక్క భాగం తెలిసినవాళ్ళతో చేయించుకోండి.

పైకప్పు గుడ్డ అంచున వైరుని వేళ్ళతోనే తోస్తే దూరిపోతుంది. లాగి బిగించొద్దు. ఫ్యూజు బాక్సు దగ్గరా, అద్దం దగ్గరా కాస్త వదులు ఉంచండి. డాష్‌క్యామ్ కూడా ఉంటే ఈ వైరుని దాని వైర్లకీ జీపీఎస్ యాంటెనాకీ కొంచెం దూరంగా పోనివ్వండి.

గ్రౌండ్

డిటెక్టర్ ఆగి ఆగి వెలుగుతోందన్న ఫిర్యాదుకి చాలాసార్లు కారణం గ్రౌండ్ సరిగ్గా లేకపోవడమే. డాష్‌బోర్డు కింద కనిపించిన బోల్టుకల్లా రింగ్ బిగించేయకండి, ప్లాస్టిక్ బ్రాకెట్‌కి బిగించిన బోల్టుకి గ్రౌండ్ రాదు. కంపెనీ వైర్లు గుత్తిగా వచ్చి కలిసే గ్రౌండ్ బోల్టు కాళ్ళ దగ్గర పక్క ప్యానెల్ వెనకాల ఉంటుంది, అది వెతకండి. బోల్టుకీ బ్యాటరీ నెగటివ్ కేబుల్ చివరకీ మధ్య ఓమ్స్‌లో కొలిస్తే దాదాపు సున్నా రావాలి (మీటర్ ముళ్ళు రెండూ కలిపి పెట్టి చూస్తే వచ్చే అంకె అందులోంచి తీసేయండి).

ఎఫ్-150 2015 మోడల్ నుంచి, సూపర్ డ్యూటీ 2017 నుంచి బాడీ అల్యూమినియం. అందులో ఇనుప స్క్రూ కొత్తగా దింపి గ్రౌండ్ చేస్తే రెండు లోహాలు కలిసిన చోట తడి తగిలి తినేస్తుంది, కొన్నాళ్ళకి అక్కడ తెల్లటి పొడి తప్ప ఏం మిగలదు. ఆ ట్రక్కుల్లో కంపెనీ గ్రౌండ్ బోల్టు తప్ప ఇంకేదీ వాడకండి.

కలపడం, చూడటం

వైరు మీద తొడుగు పావు అంగుళం వలిచి, కనెక్టర్‌లో పెట్టి, క్రింప్ చేశాక గట్టిగా లాగి చూడండి. ఊడొస్తే ఇప్పుడే ఊడి రానివ్వండి. మెలిపెట్టి టేపు చుట్టడం, వైరుని కొరికి పట్టుకునే నీలం రంగు క్లిప్పులు వాడటం, రెండూ ట్రక్కు కుదుపులకి నిలవవు. సోల్డరింగ్ కూడా నేను ఇక్కడ వద్దంటాను, సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి, అదురుకి అక్కడే తెగుతుంది.

డిటెక్టర్ పెట్టకముందే బ్యాటరీ కలిపి, కీ ఆన్ చేసి, ప్లగ్‌లోకి 12 వస్తోందా, ప్లస్ మైనస్ సరైన పిన్నుల మీదే ఉన్నాయా చూడండి. కంపెనీ కార్డు పక్కన పెట్టుకుని రెండింటినీ పోల్చి కొలిస్తే అనుమానం ఉండదు. ఆ తర్వాతే డిటెక్టర్ తగిలించండి. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు డిటెక్టర్ ఒకసారి ఆరి మళ్ళీ వెలిగితే కంగారు పడకండి, స్టార్టర్ తిరిగే క్షణం యాక్సెసరీ కరెంటు ఆపేస్తారు. అసలు వెలగకపోతే మొదట మన ఫ్యూజు, తర్వాత గ్రౌండ్, తర్వాత ప్లగ్, ఈ వరసలో చూడండి. అంతా బాగుంటేనే ట్రిమ్ మూయండి, హ్యాండిల్ బోల్టులు మర్చిపోకుండా పూర్తిగా బిగించండి. బ్యాటరీ విప్పారు కాబట్టి గడియారం, కిటికీల ఆటో పని మళ్ళీ సెట్ చేసుకోవలసి రావచ్చు.

ఎక్కడ తగిలించాలి

డిటెక్టర్‌కి ముందు రోడ్డూ కనపడాలి, వెనక అద్దంలోంచి వెనక రోడ్డూ కనపడాలి. మధ్యలో ఉండే మిర్రర్‌కి పక్కన, కొంచెం కిందగా, సమంగా ఉండేలా పెట్టడం ఎక్కువ ట్రక్కుల్లో బాగా కుదురుతుంది. అయితే బెడ్ మీద టాపర్ (సరుకు భాగాన్ని మూసే ఎత్తైన కప్పు) ఉన్నా, క్యాబ్ వెనకాల ఎత్తైన టూల్ బాక్స్ ఉన్నా వెనక నుంచి వచ్చే సిగ్నల్ తగ్గుతుంది, దానికి వైరింగ్‌లో మందు లేదు. లేన్ కెమెరా, వాన సెన్సార్ ముందు పెట్టకండి. డాష్‌బోర్డు మీద ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగు మూత ఉన్న చోట కూడా పెట్టకండి. విండ్‌షీల్డ్ పైభాగంలో నల్ల చుక్కలున్న చోట సక్షన్ కప్పు నిలవదు. వేడి ఆపడానికి అద్దంలో లోహపు పొర ఉంటే రాడార్ కూడా దానికి తగిలి ఆగిపోతుంది, అలాంటి అద్దాల్లో టోల్ ట్యాగ్ కోసం వదిలిన ఖాళీ చోటే దిక్కు.

వైరింగ్ అయ్యాక పదే పదే కే బ్యాండ్ అని మోగితే అది మీ వైరు తప్పు కాదు. పోలీసు రాడార్ వాడే 24 గిగాహెర్ట్జ్ దగ్గరే చాలా బండ్ల బ్లైండ్ స్పాట్ సెన్సార్లూ, షాపుల ఆటోమేటిక్ తలుపులూ పనిచేస్తాయి. దానికి డిటెక్టర్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్ పెట్టుకోండి.

చివరగా ఆ రాత్రి బండి లాక్ చేసి గంట ఆగాక బ్యాటరీ వోల్టేజి కొలిచి రాసుకోండి, మంచి ఛార్జి ఉంటే 12.6 దగ్గర ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు, తలుపు కూడా తీయకముందు, హుడ్ తాళం లోపలే కాబట్టి రాత్రే హుడ్ లేపి ఉంచుకుని, మళ్ళీ కొలవండి. చలికి ఓ 0.1 వోల్టు అటూ ఇటూ అయితే సరే. 12.3కి పడిపోయిందంటే మన ఫ్యూజు పీకేసి ఇంకో రాత్రి చూడండి, అప్పుడు పడకపోతే తీసుకున్న స్లాట్ తప్పు, అప్పుడూ పడితే బ్యాటరీయో ఇంకేదో తింటోంది.